అమ్మ గిన్నెలో ఎదురింటి కజ్జికాయలు

నేను హైదరాబాదు వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి, మా నంద్యాలలో జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు. "హైటెక్ సిటీ చూసినావా? మెట్రో ఎక్కినావా? తీగల బ్రిడ్జి మీద ఫోటో దిగినావా?" చూశాను, ఎక్కాను, దిగాను. అన్నీ చెబుతాను. కానీ ఆ ప్రయాణం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఒక గిన్నెడు కజ్జికాయలు. వాటివల్ల నవ్వులపాలయ్యాను, చెల్లెలి చేత చీవాట్లు తిన్నాను, ఒక మీటింగులో చివరి కుర్చీలో కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఈ కథలో ఒక పరాయి దేశం ఉంది. దాని పేరు నేను రాయను. రాశానంటే ఆ దేశం మీద మీకున్న కోపమో ఇష్టమో ముందు పెట్టుకుని చదువుతారు. నా కోసం ఈ ఒక్కసారికి పేరు తెలియకుండా చదవండి. ఆ దేశపు అమ్మాయిని లీనా అంటాను. అదీ అసలు పేరు కాదు.

కృష్ణ దాటాక

పొద్దున్నే ఏసీ బస్సెక్కాను. కర్నూలు దాటి బీచుపల్లి వంతెన మీదికి రాగానే సగం బస్సు కిటికీల వైపు ఒరిగింది. కృష్ణ నిండుగా పారుతోంది! నాకు చిన్నప్పటి నుంచీ నదిలో రూపాయి బిళ్ల వేసే అలవాటు. పర్సులోంచి తీసి కిటికీ తెరవబోతే అద్దం కదలదు. ఏసీ బస్సు మరి! గుంజీ గుంజీ వేళ్లు నొప్పి పుట్టాయి. పక్కసీటాయన నిద్ర లేచి నన్ను అదోలా చూశాడు. బిళ్ల చేతిలోనే ఉంచుకుని, అద్దంలోంచే దండం పెట్టుకున్నాను.

ఆరాంఘర్ చౌరస్తాలో దిగి మణికొండకు ఆటో మాట్లాడుకున్నాను. ఆటో అతనికి నలభై ఏళ్లుంటాయి. బాగా మాటకారి.

"యాడికెళ్లి వస్తున్నవక్కా?"

"నంద్యాల నుంచప్పా."

"నంద్యాలనా! అయితే మా నీళ్లు తీస్కవోయేది మీరే గదా!" అన్నాడు. "మాది పాలమూరు దిక్కు. మా చేన్లు ఎండుతుంటె మీరు గేట్లెత్తి మలుపుకుంటరు."

నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా, నేనేమన్నా బిందె ఎత్తుకుని మోసుకుపోయినానా? గేట్లెత్తింది నేనా? మా వీధి కొళాయిలో దినం మార్చి దినం నీళ్లొస్తాయి. మీ నీళ్లు యాడికి పోయినాయో నువ్వే పోయి వెతుక్కో!"

ఆటో రోడ్డు పక్కకు ఆగింది. అయిపోయింది, దింపేస్తాడనుకుని సంచి గట్టిగా పట్టుకున్నాను. అతను వెనక్కి తిరిగి, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు. "ఏందీ, మీ నల్లాల గూడ వస్తలేవా?"

"రావు."

"మరి గా నీళ్లన్ని ఎవలు తాగుతున్రక్కా?"

ఇద్దరం ఒకేసారి పక్కుమన్నాం. లంగర్‌హౌజ్ దగ్గర ఇరానీ చాయ్ తాగించాడు. చాయ్ ఇరవై రూపాయలు. మా దగ్గర టీ పదే, కానీ ఈ చిక్కదనం దానికెక్కడిది! డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మా నీళ్లు తాగవడితిరి, ఇగ మా చాయ్ గూడ తాగున్రి" అన్నాడు. అప్పటికి అది నవ్వులాటే. ఆ నీళ్ల తగవు నాకు మళ్లీ గుర్తొస్తుందని అప్పుడు తెలియదు.

మణికొండ, మూడో అంతస్తు

అబ్బో, మణికొండ! ఈ బాల్కనీలో తుమ్మితే ఆ బాల్కనీలోవాళ్లు చిరంజీవ అనేంత దగ్గర దగ్గరగా అపార్టుమెంట్లు. సందుకో కర్రీ పాయింటు, సందుకో హాస్టలు. ఒక బొటీకు ముందు ఆగి మామూలు జాకెట్టు కుట్టుడు ఎంతని అడిగాను. పదిహేను వందలట! నేను రెండొందల యాభై తీసుకుంటే మా వాళ్లు ఇరవై తగ్గించమంటారు. అద్దంలోంచి చూశాను, చంక దగ్గర ముడతలు కూడా పోలేదు. ఇంటికెళ్లగానే రేటు పెంచాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

మా చెల్లెలు వసుంధర, మేం వసు అంటాం, రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఒక్కతే ఉంటుంది. నేను చేరేసరికి ఆఫీసులో ఉంది. తాళంచెవి వాచ్‌మన్ యాదయ్య ఇచ్చాడు. తలుపు తీసి, కాళ్లు కడుక్కుని, ఆకలితో వంటింట్లోకి పోయాను. ఫ్రిజ్ మీద మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, సుబ్బరత్నమ్మ. మా అమ్మ గిన్నె! పోయిన అమ్మ పేరు అలా కనబడేసరికి వేలితో ఆ చుక్కలు తడిమాను. మూత తీస్తే కజ్జికాయలు. నేను వస్తున్నానని వసు చేసి పెట్టిందనుకున్నాను.

ఒకటి కొరికాను. కొబ్బరి లేదు, లోపల అక్రోట్ల పొడి, ఏదో తేనె వాసన. ఓరి నాయనో, ఏం రుచి! ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. గిన్నె అడుగు కనబడ్డాక గానీ సిగ్గేయలేదు.

సాయంత్రం వసు రాగానే వాటేసుకున్నాను. "ఎంత బాగా చేసినావే కజ్జికాయలు! అమ్మ కూడా ఇట్ల చేయలేదు!"

వసు ముఖం పాలిపోయింది. ఫ్రిజ్ మీదికి చూసింది. "తినేసినావా? అన్నీ?"

"ఏమైందే? పాసిపోయినాయా?"

"అవి నేను చేసినవి కావక్కా. ఎదురింటి లీనావి." అలా అని కుర్చీలో కూలబడింది.

అప్పుడు చెప్పింది మొత్తం. ఉగాదికి వసు అమ్మ గిన్నెలో ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టి ఎదురు ఫ్లాటులో ఉండే లీనాకు ఇచ్చింది. లీనాది అనువాదాలు చేసే ఆఫీసులో పని. వసుకు ఆమె దేశంలో ఉద్యోగం ఖాయమైంది, ఏడాదిన్నర పాటు లీనా దగ్గరే ఆ భాష నేర్చుకుంది. పెట్టెలు కొంది. ఆఫీసులో వీడ్కోలు పార్టీ కూడా చేశారు. ఇంతలో ఆ దేశ ప్రభుత్వం మనవాళ్లకు వీసాలు ఆపేసింది. అక్కడున్న కొందర్ని కట్టుబట్టలతో తిప్పి పంపింది. వసు ప్రయాణం ఆగిపోయింది, ఆమె టీములో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. ఆ రోజు నుంచి లీనా బెల్లు కొడితే వసు తలుపు తీయలేదు. చివరికి లీనా కజ్జికాయలు పెట్టిన గిన్నెను యాదయ్య చేతికిచ్చి పంపింది.

"పారేద్దామంటే అమ్మ గిన్నె. తిందామంటే గొంతు దిగదు. అందుకే ఫ్రిజ్ మీద పెట్టినా. నువ్వేమో..." అంటూ నుదురు కొట్టుకుంది.

నిజం చెబుతున్నాను, నాకూ కోపం వచ్చింది. నా చెల్లెల్ని ఏడిపించిన దేశపు తిండి మెచ్చుకుంటూ తిన్నానే అనుకున్నాను. కానీ అసలు చిక్కు అది కాదు. ఆదివారం అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగు. లీనా అద్దె ఒప్పందం అయిపోతోంది. ఆ దేశం వాళ్లను మన బిల్డింగులో ఉంచొద్దని గ్రూపులో ఒకటే మెసేజీలు. ఫ్లాటు యజమాని తెలివిగా తప్పుకున్నాడు. ఎదురింటివాళ్లకు అభ్యంతరం లేకపోతేనే పొడిగిస్తానన్నాడు. ఎదురిల్లంటే వసు.

"ఏం చెప్తావే?"

"అభ్యంతరం ఉందంటా. వాళ్లకూ తెలియాలి కదా, గెంటేస్తే ఎట్ల ఉంటాదో."

గిన్నెలు కడగడానికి లేచాను. సింకులో అమ్మ గిన్నె ఖాళీగా ఉంది. పక్కింటి నుంచి ఏదైనా వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపే ఇల్లు కాదు మాది. తిన్నది నేను. నింపాల్సిందీ నేనే.

రాయదుర్గం

మర్నాడు వసు సెలవు పెట్టి నన్ను తిప్పింది. ఆ అద్దాల మేడల కింద నిలబడి పైకి చూస్తే చీర కొంగు నెత్తి మీంచి జారిపోయింది! రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేట దాకా పోయి, పనేమీ లేకుండానే మళ్లీ అదే మెట్రోలో వెనక్కి వచ్చాం. నేనే పట్టుబట్టాను. కుదుపు లేదు, హారను లేదు, ఇళ్ల మిద్దెల మీద ఆరేసిన బట్టలు చూసుకుంటూ పోవడమే. మిద్దె మీద మిరపకాయలు ఆరబోసిన ఇల్లు కూడా ఒకటి కనబడితే చప్పట్లు కొట్టాను. మెడలో ట్యాగులేసుకున్న పిల్లలు నవ్వారు. నవ్వనీ!

ఒక మేడ కింద కాఫీ రెండొందల ఎనభై. తాగాను, చేదు. ఆ మేడ వెనక సందులోనే జొన్నరొట్టె ముప్పై, పచ్చడి ఎంతైనా వేయించుకోవచ్చు. సూటు వేసుకున్నాయన, సిమెంటు బట్టల కూలీ పక్కపక్కన నిలబడి తింటున్నారు. రొట్టె మా వైపు కంటే పలచన, పచ్చడి మాత్రం మా ఊరిబిండికి సాటి రాదు.

సాయంత్రం దుర్గం చెరువు తీగల వంతెన మీద నడిచాం. లైట్లు రంగులు మారుతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాను. మెల్లిగా కదిపాను. "లీనా ఏం చేసిందే నిన్ను?"

"వాళ్ల ప్రభుత్వం ఆకాశం నుంచి ఊడిపడిందా? వాళ్లు ఓటేస్తేనే కదా వచ్చింది!"

నిజమే కదా, ఓట్లు వేసిందెవరు? వంతెన కింద నీళ్లు చూస్తుంటే ఆటో అతను గుర్తొచ్చాడు. "నిన్న ఒకాయన, నేను వాళ్ల నీళ్లు ఎత్తుకుపోయినానని పోట్లాడినాడు" అని ఆ గొడవంతా చెప్పాను. వసు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, "అదీ ఇదీ ఒకటి కాదక్కా. నాది జీవితం పోయింది" అంది. ఆ మాటకు మాత్రం నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఒకటి కాదు.

ఎదురు తలుపు

శనివారం పొద్దున పది గంటలకల్లా శనగబేడలు ఉడకబెట్టాను. వసు వంటింటి గడప మీద చేతులు కట్టుకుని నిలబడి చూసింది. సాయం చేయలేదు, వద్దనీ అనలేదు. ఓళిగలు కాలుతుంటే ఒకటి తీసుకుని తింది మాత్రం. నెయ్యి తక్కువైందని వంక కూడా పెట్టింది. అమ్మ గిన్నె నింపి, ఎదురు తలుపు బెల్లు కొట్టాను. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. లోపల ఏం మాట్లాడాలో మనసులో కూడబలుక్కుంటున్నాను.

తలుపు తీసిన అమ్మాయి గిన్నె వైపు చూసి, నన్ను చూసి అంది: "వసువాళ్ల అక్కవా? లోపలికి రా అక్క. జర ఆగు, కుర్సీ మీద బట్టలున్నయ్, తీస్త. ఇల్లు సాఫ్ జెయ్యలె, పరేషాన్ గాకు!"

నేను గడప దగ్గరే నోరెళ్లబెట్టాను. తెలుగంతా యాదయ్య దగ్గరా, పని చేసే ఆవిడ దగ్గరా నేర్చుకుందట. జుట్టు రంగు వేరు, కళ్ల రంగు వేరు, మాట మాత్రం అచ్చం ఆటో అతనిదే! నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. ఆమె కూడా నవ్వింది.

"కజ్జికాయలు వసు తిన్నదా?" అని అడిగింది. చాలా ఆశగా అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను. "లేదమ్మా. అన్నీ నేనే తినేసినాను. మా చెల్లెలు చేసిందనుకుని."

మొహం చిన్నబోయింది. అయినా "మంచిగున్నయా?" అంది. గిన్నె నాకినంత పని చేశానని చెప్పాను.

నాది ఆగే నోరు కాదు. అడిగేశాను. "చూడమ్మా, నువ్వు ఓటు ఎవరికేసినావు?"

వాళ్లకు వేయలేదని అంటుందనుకున్నాను. అలా అంటే వసుకు చెప్పడానికి నాకో మాట దొరికేది. లీనా ఒక ఓళిగ తీసుకుని అంచు తుంచింది, తినలేదు.

"వాళ్లకే ఏసిన" అంది.

"వాళ్లకా!" అన్నాను.

"మా ఊరికి రైలు తెస్తమన్నరు. మా అమ్మ దవాఖానకు పోవాల్నంటె రెండు బస్సులు మారాలె. గా రైలు కోసం ఏసిన. మీ వీసాలు బంద్ వెడ్తమని అప్పుడు ఎవలు జెప్పిన్రక్క?" తుంచిన ముక్కను గిన్నెలో పెట్టేసింది. "నా తప్పు లేదని అంటలేను. జరంత నాది గూడ ఉన్నది. కని ఎంతున్నదో నాకు ఎర్క లేదు."

రైలు వచ్చిందా అని అడిగాను. రాలేదంది.

తర్వాత ఫోనులో ఒక ఫోటో చూపించింది. చిన్న గది, కిటికీకి పూల పరదా, మంచం మీద కొత్త దుప్పటి. "మా అమ్మ వసు కోసం తయారు జేసింది. వసు మా ఇంట్లనే ఉంటుండె. గా రూం ఇప్పటికి ఎవలకు కిరాయికి ఇయ్యలె. ఎందుకమ్మా అంటె, పిల్ల వస్తదేమో అంటది."

నేను చాలాసేపు ఆ దుప్పటినే చూశాను. అంచు చేత్తో కుట్టినది. కుట్టుపని తెలిసినదాన్ని, ఎన్ని సాయంత్రాలు పట్టి ఉంటుందో నాకు తెలుసు. నేను ఓటేసిన మనిషి గెలిచి మా వీధి మురుక్కాలువ కూడా తీయించలేదు. ఆయన చేసినవీ చేయనివీ అన్నీ తెచ్చి నా నెత్తిన పెడితే నేను ఏ ఊళ్లో తలెత్తుకుని తిరగాలి? అలాగని నాకేం సంబంధం లేదని చెయ్యి కడుక్కోనూ లేను, వేలి మీద సిరా నాదే. ఈ లెక్క నాకు తెగలేదు. కానీ ఈ పిల్లను ఇంట్లోంచి పంపేస్తే తెగుతుందా?

వెళ్లి వసుకు అంతా చెప్పాను. ఓటు సంగతి దాచలేదు. "చూసినావా, నేను చెప్పలా!" అని లేచింది. దుప్పటి సంగతి విన్నాక మళ్లీ కూర్చుంది. రాత్రి అన్నం సరిగా తినలేదు.

సెల్లార్లో మీటింగు

ఆదివారం పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సమోసాలు, చాయ్ కూడా పెట్టారు, మీటింగంటే మరి! అసోసియేషన్ అధ్యక్షుడు రావుగారు, కోనసీమ ఆయన, చాలా మర్యాదస్తుడు. లీనా అద్దెకున్న మనిషి కాబట్టి ఓటు లేదు. లిఫ్టు దగ్గర యాదయ్య పక్కన నిలబడింది.

"వ్యక్తిగతంగా ఆవిడంటే మాకేం ద్వేషం లేదండి. మొన్న మా ఆవిడకి జ్వరమొస్తే సూప్ కూడా తెచ్చిచ్చిందండి. కాకపోతే మన పిల్లల్ని ఆ దేశం అలా పంపేశాక మనం ఊరుకుంటే ఎలాగండి? వసుంధర గారూ, ఎదురింటివారు మీరు. మీకు అభ్యంతరం ఉందామ్మా?"

వసు లేచింది. నా గోళ్లు నా నోట్లో ఉన్నాయి.

"ఉందండి" అంది.

లిఫ్టు దగ్గర లీనా తల దించుకుంది.

"వీసాలు ఆపినవాళ్ల మీద నాకు చాలా అభ్యంతరం ఉంది. వాళ్లు ఎదురింట్లో ఉంటే ఇవాళే ఖాళీ చేయిస్తా. కానీ వాళ్లు అక్కడ లేరండి. అక్కడున్నది నాకు భాష నేర్పినావిడ." ముందున్న కుర్చీ వీపు పట్టుకుని మళ్లీ అందుకుంది. ఆఫీసు తెలుగంతా పోయి ఇంటి మాట వచ్చేసింది. "ఇంకోటి. మా అమ్మ గిన్నె ఆమె దగ్గరుంది. అది తిరిగొచ్చేదాకా ఆమె యాడికీ పోయేదానికి లేదు!"

వెనకాల కూర్చున్న ఒకావిడ కిసుక్కుమంది. గిన్నెల సంగతి తెలిసిన ఆడవాళ్లందరికీ అర్థమైపోయింది. ఆ గిన్నె ఖాళీగా రాదు, నిండుగా వస్తే మళ్లీ పోవాలి, ఇక ఆ రాకపోకలు తెగేవి కావు. రావుగారు కూడా నవ్వాపుకోలేక సమోసా ప్లేటు అందుకున్నారు. "అయితే మరో పదకొండు నెలలండి" అన్నారు.

అందరూ ఒప్పుకున్నారని చెప్పను. ఇద్దరు కుర్చీలు తోసేసి వెళ్లిపోయారు. గ్రూపులో ఆ సాయంత్రం దాకా రుసరుసలు నడిచాయి. వసు లీనాతో ఒక్క మాటే మాట్లాడింది, అదీ లిఫ్టులో: "నాకింకా కోపం పోలేదు."

"పోకపోతె ఉండనీ" అంది లీనా. "కోపంతోనే చాయ్‌కి రా."

తిరుగు బస్సు

సోమవారం పొద్దున నేను బయల్దేరుతుంటే ఇద్దరూ కిందిదాకా వచ్చారు. లీనా నా సంచిలో బరువైనదేదో పెట్టి, సంచి మూతి ముడేసింది. యాదయ్య ఆటో పిలిచాడు. వసు కళ్లు తుడుచుకుంటూనే, జాకెట్టు రేటు పెంచమని గుర్తు చేసింది.

బీచుపల్లి దగ్గర పడ్డాక సంచి విప్పాను. అమ్మ గిన్నె, నిండా కజ్జికాయలు! పక్కసీట్లో కర్నూలు ఆవిడ, నా ఈడుదే. తీసుకోమని గిన్నె చాపాను. ఒకటి తీసుకుని కొరికి కళ్లు పెద్దవి చేసింది.

"అబ్బ, ఏం రుచి! ఎవరు చేసినారు?"

"మా చెల్లెలి ఎదురింటి పిల్ల."

"ఏ ఊరి పిల్లమ్మా?"

నేను ఆ దేశం పేరు చెప్పాను.

ఆవిడ నమలడం ఆపేసింది. నా వైపు చూసింది, చేతిలో మిగిలిన సగం ముక్క వైపు చూసింది. బయట వంతెన వచ్చింది, కింద కృష్ణ. నేను గిన్నె అలాగే చాచి పట్టుకున్నాను.

ఆవిడ సగం ముక్క నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది. ఆ తర్వాత గిన్నెలో చెయ్యి పెట్టి, ఇంకొకటి తీసుకుంది.